గాలిమోటరు

సినిమా కథ పోయింది దసరాకు ముందటి ఆదివారం నాడు. పోగొట్టింది ఎవరో కాదు, సవితే. ఇల్లు దులుపుతూ అటక మీది పాత జవాబు పత్రాల కట్టలు రెండు దించి, వాకిట్లోకి వచ్చిన పాత కాగితాలాయన బండిలో వేసేసింది. ఇరవై ఏళ్ళుగా ప్రతి దసరాకూ చేసే పనే. ఆ కాగితాల వెనకవైపు ఖాళీగా ఉంటుందనీ, ఖాళీ కాగితం కనబడితే భాస్కర్ చేయి ఊరుకోదనీ ఆమెకు గుర్తొచ్చేసరికి పొద్దు గూకింది.

భాస్కర్ ఆమె భర్త. బోధన్ పక్క ఊళ్ళో ఒకే హైస్కూల్లో ఆమె తెలుగు చెబితే ఆయన భౌతికశాస్త్రం చెప్పేవాడు. శ్రావణంలో ఒక ఉదయం, బూట్లు వేసుకుందామని కుర్చీలో కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. పదో తరగతి పిల్లలతో ఆయన తీస్తున్న సినిమాకు ఆఖరి సీను ఒక్కటే మిగిలింది.

మర్నాడు బోధన్‌లో పాత కాగితాల దుకాణానికి పోతే, కట్టలు విప్పి మిర్చి బజ్జీల బండ్లకు పంచేశామన్నారు. బళ్ళో ఆటలు నేర్పే శేఖర్, ఫోనుతో సినిమా పట్టేది కూడా ఆయనే, వారం రోజులు ఆ బండ్ల వెంట తిరిగి కడుపు చెడేదాకా బజ్జీలు తిన్నాడు. ఒక్క కాగితం దొరికింది. ముందువైపు సవర్ణదీర్ఘ సంధిని ఎవరో చిత్రవధ చేశారు. వెనకవైపు నూనె మరకల మధ్య నాలుగో సీను ఉంది. అది ఎప్పుడో తీసేసిందే.

కథ ఇది. ఒక ఊళ్ళో ఉన్నట్టుండి గాలి ఆగిపోతుంది. ఆరేసిన బట్టలు ఆరవు, పతంగులు లేవవు, కల్లంలో పొల్లు వడ్లను వదలదు. అప్పుడు ఒక ముసలమ్మ మిషన్లు కనిపెట్టడం మొదలుపెడుతుంది. పొద్దుటి నీడను మడిచి దాచి, మిట్టమధ్యాహ్నం విప్పే గొడుగు. మాటలు పాడవకుండా ఉంచే టిఫిను డబ్బా. మూత తీస్తే "అన్నం తిన్నవా?" అని ఒక గొంతు అడుగుతుంది. ఆ గొంతు భాస్కర్‌దే. తీసిన సీన్లు ఫోనులో చూస్తూ, ఆ ముక్క దగ్గరికి రాగానే సవిత ఫోను శేఖర్ చేతికిచ్చి మంచినీళ్ళకు వెళ్ళేది.

ముసలమ్మ వేషం ముత్తవ్వది. బడి ఎదురింట్లో బీడీలు చేస్తుంది. కళ్ళకు వెల్డింగు అద్దాలు పెట్టుకుని, ఒళ్ళో చాట దించకుండానే నటించేది. ఆమెకు ఎవరూ ఏమీ నేర్పలేదు. మిషను కనిపెట్టినప్పుడు మొహం ఎట్లా పెట్టాలని భాస్కర్ అడిగితే, కూర కుదిరినప్పుడు పెట్టినట్టే అన్నదట.

ఆఖరి సీను సవిత వినలేదని కాదు. ఆషాఢంలో ఒక సాయంత్రం భాస్కర్ మంచమంచున కూర్చుని చేతులు తిప్పుతూ మొత్తం చెప్పాడు. ఆమె పేపర్లు దిద్దుతూ ఊఁ కొట్టింది. తలెత్తి చూడలేదు. ఇప్పుడు ఎంత తవ్వినా ఒక్క మాటే చేతికొస్తోంది: గాలిమోటరు.

మార్చి దాటితే పిల్లలు బడి వదిలి తలో దిక్కు పోతారు. మాఘమాసంలో సవిత తెగించింది. ఆమె పుట్టింటివైపు పెద్దలు విమానాన్ని గాలిమోటరు అనే అంటారు. గాలి పోయిన ఊరికి గాలిని తేవడానికి ముత్తవ్వ విమానమెక్కి పోతుందన్నమాట. కథ అతికింది. బోధన్ పోయే తొవ్వలో మోటర్లకు వైండింగు చేసే వెంకటి దగ్గరికి పోయి, సినిమాకు గాలిమోటరు కావాలి, ముత్తవ్వ దాని పక్కన నిలబడితే చాలు, ఎగరక్కర్లేదు అని చెప్పింది. వెంకటి తల గోక్కుని, మోటరు ఎందుకెగురుతది అనుకుని, సరే టీచర్ అన్నాడు.

శనివారం నాడు చెరుకు కొట్టేసిన మడిలోకి ఆటో ట్రాలీ వచ్చింది. పిల్లలు ఎగబడి పైన కప్పిన తాడిపత్రి పట్టా లాగారు. కింద ఒక పాత బోరు మోటరు. దాని మూతికి బిందె పట్టేంత వెడల్పు పైపు, తోకకు పొడుగాటి వైరు.

సవిత ట్రాలీ అవతలివైపు కూడా వెతికింది.

"వెంకటన్నా, రెక్కలేవి?"

"లోపలున్నయి టీచర్. వడ్లు తూర్పార వట్టే ఫాను రెక్కలు పెట్టిన. తిరిగితె గని తెలువదు."

"నేను అడిగింది విమానం."

"విమానం గావాల్నంటె విమానమే అనాలె గద. మోటర్ దుకాన్లకొచ్చి మోటర్ అంటె ఎవడేమనుకుంటడు?"

పిల్లలు మడిలో పడి దొర్లారు. ముత్తవ్వ చాట పట్టుకుని యంత్రం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"సారు నన్ను గాలిమోటర్ ఎక్కిస్త అన్నడు బిడ్డా. దీన్ని ఎట్ల ఎక్కుడు?"

మోటరు మీద కూర్చోబెడతానని అని ఉంటాడులే అని వెంకటి సర్దబోయాడు. బావిలో నీళ్ళు లాగినట్టు భూమిలో దాగిన గాలిని లాగే మోటరనుకునే తాను చేశాననీ, సారు తల అట్లనే నడిచేదనీ చెప్పాడు. గాలికీ బరువుంటుందని భాస్కర్ ఏటేటా తొమ్మిదో తరగతిలో తక్కెడ పట్టుకుని చూపించడం సవిత కిటికీలోంచి చూసింది. విమానమే అయి ఉండవచ్చు. మోటరే అయి ఉండవచ్చు. తలెత్తి వినవలసిన రోజున తను వినలేదు.

"తీద్దాం," అన్నది.

ముత్తవ్వ అద్దాలు పెట్టుకుని పైపు ముందు నిలబడింది. చాట కింద పెట్టమని శేఖర్ బతిమాలినా వినలేదు. వెంకటి వైరు తగిలించి బటన్ నొక్కాడు. మోటరు మొదట మూలిగింది, తర్వాత గుర్రుమన్నది, ఆ తర్వాత మడిలోని ఎండు చెరుకు ఆకంతా ఒక్కసారి లేచి నిలబడింది. పిల్లల పతంగులు తల పైకెత్తాయి. ముత్తవ్వ కొంగు జెండా అయింది. చాటలోని బీడీ చుట్టే తునికాకులు పిట్టల్లా లేచిపోయాయి, వాటి వెనకాల బీడీల్లో కూరే తంబాకు పొడి.

ముందు శేఖర్ తుమ్మాడు. తర్వాత పిల్లలు వరసగా తుమ్మారు. బటన్ ఆపబోయి వెంకటి తుమ్మాడు, ఆపలేకపోయాడు. ఒక్క తుమ్ము అపశకునమనీ రెండైతే మంచిదనీ అంటారు. ఇన్ని తుమ్ములకు ఏ పంచాంగంలోనూ ఫలం రాసిలేదు. నడుమ ముత్తవ్వ అద్దాలు నెత్తికెత్తుకుని, రెండు తుమ్ముల మధ్య సందు చూసుకుని అన్నది:

"గాలి వచ్చింది బిడ్డా. సక్కగ ముక్కులకే వచ్చింది."

సవితకు నవ్వు వచ్చింది. తుమ్మూ నవ్వూ కలిసి వస్తే ఏదీ ఆగదు. గట్టు మీద కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. శ్రావణం తర్వాత టీచరు నవ్వడం పిల్లలు చూడలేదు. చూసి వాళ్ళు ఇంకా నవ్వారు. శేఖర్ ఫోను మాత్రం దించలేదు. తుమ్మినప్పుడల్లా బొమ్మ ఊగిపోయింది. నిజంగా పెద్ద గాలే వీచినట్టుందని అందరూ ఒప్పుకుని, మళ్ళీ తీయొద్దనుకున్నారు. తునికాకులు ఏరి ముత్తవ్వ చాటలో పోయడానికి మాత్రం సాయంత్రం దాకా పట్టింది.

వారం తిరక్కముందే శేఖర్ సీన్లన్నీ కలిపి, టీచర్ల గదిలో సవితకు మొదట చూపించాడు. టిఫిను డబ్బా సీను వచ్చింది. శేఖర్ అలవాటుగా చేయి చాపాడు. ఆమె ఫోను ఇవ్వలేదు. "అన్నం తిన్నవా?" అని భాస్కర్ అడిగాడు. సవిత "తిన్న" అన్నది, తనలో తాను. తర్వాత గాలి వచ్చేదాకా కదలకుండా చూసింది.

వచ్చే శనివారం బడి గోడ మీద తెల్ల దుప్పటి కట్టి ఊరందరికీ చూపిస్తారు. పేర్లన్నీ సవితే రాసి ఇచ్చింది. ముత్తవ్వ పేరు, వెంకటి పేరు, పతంగులు ఎగరేసిన పిల్లలందరి పేర్లు ఎక్కాయి. అన్నిటికన్నా ముందు భాస్కర్ పేరు రావాలి. దానికి ముందు కీర్తిశేషులు అని వేయాలా, ఉత్త పేరు వేయాలా అన్నది ఆమె ఇంకా తేల్చుకోలేదు.