సగమే లేచిన చెయ్యి

స్వాకా నోరు పెట్టుకుని బతికే మనిషి. శరణార్థుల శిబిరంలో మూడో బ్లాకు చివర, మట్టిగోడల మీద టార్పాలిన్ కప్పిన వీడియో హాల్లో, బుల్లితెర పక్కన మైకు పట్టుకుని కూర్చుంటాడు. తెర మీద చైనావాడు అరిచినా, ఇండియావాడు ఏడ్చినా, దాన్ని అప్పటికప్పుడు మనవాళ్ళ సొంత భాష బారిలో వినిపించడం అతని పని. ఇలాంటివాణ్ణి ఇక్కడ వీజే అంటారు. హీరో చచ్చేముందు హీరోయిన్ని దగ్గరికి తీసుకుని ఏదో గొణుగుతాడు చూడండి, అక్కడ స్వాకా "ఈ నెల నీకు బీన్స్ ఎన్ని కిలోలిచ్చారే?" అంటాడు. హాలంతా బెంచీలు విరిగేలా నవ్వుతుంది. విలన్ తుపాకి గురిపెడితే "ముందు రేషన్ కార్డు చూపించు!" అంటాడు.

ఇన్ని భాషలు ఎక్కడ నేర్చావురా అని ముసలాళ్ళు అడిగితే, "కలలో" అని కన్నుకొడతాడు. అసలు సంగతి ఏమిటంటే, బారి, కాస్త అరబ్బీ, సంతలో బేరమాడేంత ఇంగ్లీషు తప్ప అతనికి మరో ముక్క రాదు. పెదాలు కదిలినంతసేపూ తోచింది వాగడం, అవి ఆగగానే ఆపడం, అదే విద్య. సినిమా ముందుగా చూడడు కూడా. చూస్తే నోట్లో మాట చల్లారిపోతుందంటాడు.

హాలు గుమ్మం దగ్గర కిడెన్ అనే ఆమె వేయించిన పల్లీలు, నువ్వుల ఉండలు అమ్ముతుంది. లోపలికి మాత్రం రాదు. స్వాకా ఆమెని పెద్దమ్మా అంటాడు. వాళ్ళిద్దరి మధ్యా రోజూ ఒక పోట్లాట ఉండాల్సిందే.

"పెద్దమ్మా, నీ పల్లీల్లో రాళ్ళున్నాయే!"

"నీ మాటల్లో ఉన్నన్ని లేవులే. నోరు తెరు, గుప్పెడు పోస్తాను. అప్పుడైనా కాసేపు మూతపడుతుందేమో."

ఆమెకి ఒక్కడే కొడుకు, గోరె. రెండేళ్ళ కిందట, యేయి పట్నం అవతల తమ ఊళ్ళో, ఒక సాయంత్రం ఆమె వాణ్ణి తిట్టింది. మేకల్ని కట్టమంటే మంచమెక్కుతావు, నీలాంటి బద్ధకస్తుణ్ణి కని ఏం లాభం అంది. వాడు మారుమాట లేకుండా లేచి, మేకల్ని వెతకడానికి పోయాడు. ఆ రాత్రే ఊరి మీద కాల్పులు మొదలయ్యాయి. తెల్లారేసరికి ఊరు ఊరంతా సరిహద్దు దాటింది, వాడు తప్ప. అప్పటినుంచీ అటునుంచి ఎవరొచ్చినా కిడెన్ ఎదురెళ్ళి ఒకటే అడుగుతుంది. "మా గోరె కనిపించాడా? ఏమన్నా అన్నాడా?" బతికున్నాడా అని ఎన్నడూ అడగలేదు. ఏమన్నా అన్నాడా, అంతే. ఒక్క మాట, అది తిట్టయినా సరే. శిబిరంలో ఈ సంగతి ఎరగనివాళ్ళు లేరు.

ఆ శనివారం మధ్యాహ్నం హాలు కిటకిటలాడుతోంది. చైనా సినిమా సగంలో ఉండగా డిస్కు బిగుసుకుపోయింది. ఎగిరిన హీరో గాల్లోనే వేలాడుతూ ఉండిపోయాడు. జనం ఈలలు, డబ్బులు తిరిగిమ్మని కేకలు. హాలు యజమాని పిటియా గాభరాగా జేబులోంచి ఒక మెమరీ కార్డు తీశాడు. ఫోన్లకి ఛార్జింగు పెట్టే కొట్టువాడు ఆ పొద్దునే ఇచ్చాడట. కొత్త యుద్ధం సినిమా, మన ఆఫ్రికావాళ్ళదే, అని.

"ఎలా ఉంటుందో ఏమో. కాసేపు నెట్టుకు రారా స్వాకా," అన్నాడు పిటియా.

"నువ్వు వెయ్యి. నెట్టడం నా వంతు."

తెర మీద మనిషెత్తు ఏనుగు గడ్డి. కెమెరా పట్టుకున్నవాడు పరిగెడుతున్నట్టున్నాడు, బొమ్మ ఒకటే ఊగుతోంది. మాటలేవీ వినపడకుండా పైన ఎవరో హుషారైన పాట అతికించారు. "ఓహో, కెమెరామన్‌కి విరేచనాలు! గడ్డి కోసం పరిగెడుతున్నాడు!" అన్నాడు స్వాకా. హాలు గొల్లున నవ్వింది. ఊపు దొరికింది కదా, ఇక ఆగుతాడా.

గడ్డి దాటాక ఎర్రమట్టి దారి, కూలిన గోడ ఒకటి. తుపాకులు పట్టుకున్నవాళ్ళు ఏడెనిమిది మంది. ఏ పక్షంవాళ్ళో నేను చెప్పను, చెప్పినా ఒకటే. గోడ ముందు నలుగురు మోకాళ్ళ మీద ఉన్నారు. చివరివాడు చారల చొక్కా కుర్రాడు, బక్కపలచనివాడు.

"ఇదిగో వచ్చాడండీ మన కమెడియన్! చారల చొక్కా చూస్తే తెలియడం లేదూ? చూస్తూ ఉండండి, బూటులోంచి కత్తి తీస్తాడు!"

కుర్రాడికి బూట్లు లేవు. అది స్వాకా చూడలేదు. తెర మీద ఎవరో తుపాకి ఆడించగానే నలుగురూ చేతులెత్తారు. చారల చొక్కావాడి ఎడమచెయ్యి పూర్తిగా లేచింది, కుడిచెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

"అబ్బబ్బ, ఏం బద్ధకంరా బాబూ! ప్రాణం మీదికొచ్చినా చెయ్యి సగమే ఎత్తుతాడట!"

ముందు బెంచీల్లో పిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు. వెనక బెంచీల్లో పెద్దవాళ్ళు నవ్వలేదు. అది కూడా స్వాకా వినలేదు. అంత నవ్వు దేనికో అని గుమ్మం పరదా తప్పించి కిడెన్ తల లోపలికి పెట్టింది, నెత్తిమీద పల్లీల తట్టతోనే.

కుర్రాడి పెదాలు రెండుసార్లు కదిలాయి. స్వాకా ఏదో అనబోయాడు. ఇంతలో గోడ మీంచి దుమ్ము లేచింది. తుపాకి చప్పుడు పాటలో కలిసిపోయింది. నలుగురూ పక్కకి ఒరిగారు.

"లేవరా లే, నటించింది చాలు!" అన్నాడు స్వాకా మైకులో.

ఒక్కరూ నవ్వలేదు. కెమెరా దగ్గరకి పోయింది. కుర్రాడి తల ఉండవలసిన ఆకారంలో లేదు. దాని కింద ఎర్రమట్టి ఇంకా ఎర్రగా తడుస్తోంది. ఒక కాలు మాత్రం మడమతో నేలని గీరుతోంది, గీరుతూనే ఉంది. సినిమాలో చచ్చినవాడి కాలు అలా గీరదు. పదేళ్ళుగా వందలమందిని తెర మీద చంపిన మనిషికి ఆ ఒక్క కాలు చూశాక అర్థమైంది. దేవుడా, ఇది సినిమా కాదు.

"బద్ధకం కాదు నాయనా," అంది వెనకనించి కిడెన్. గొంతు మామూలుగానే ఉంది. "ఆ చెయ్యి అంతకన్నా లేవదు. చిన్నప్పుడు మామిడిచెట్టు మీంచి పడ్డాడు."

హాల్లో అన్ని తలలూ వెనక్కి తిరిగాయి. ఆమె నెత్తిమీది తట్ట కదల్లేదు, ఒక్క పల్లీ కింద పడలేదు. తెరకేసి చూస్తూ అలాగే నిలబడింది. మైకు ఇంకా స్వాకా నోటి దగ్గరే ఉంది. అతని ఊపిరి స్పీకర్లో బుసబుసమంటూ హాలంతా వినపడింది. పాట ఆగలేదు. పిటియా లేచి తీగ పీకేదాకా ఆ దిక్కుమాలిన పాట మోగుతూనే ఉంది.

కాలు జారితే వెనక్కి తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. స్వాకా గుడిసెకి పోయి మూడుసార్లు నోరు కడుక్కున్నాడు. ఆడవాళ్ళు నడుములకి గుడ్డలు బిగించుకుని కిడెన్ గుడిసె ముందు శోకాలు పెడుతుంటే చెవులు మూసుకున్నాడు. పలకరించడానికి పోవాలి, ఏ మొహం పెట్టుకుని పోతాడు? పొరుగావిడ తెచ్చిన జొన్నపిండి ముద్ద అలాగే ఎండిపోయింది. పిటియా వచ్చి బతిమాలాడు, తిట్టాడు, హాలు తెరవకపోతే ఎలాగన్నాడు. స్వాకా పెదవి విప్పలేదు.

మూడో రోజు సందులో పిల్లలు ఆడుకుంటున్నారు. స్వాకా మాటలన్నీ మర్నాటికల్లా పిల్లల నోళ్ళలో ఆడుతుంటాయి, అది అతనికెప్పుడూ గర్వమే. ఒకడు కర్ర గురిపెట్టాడు. ఇంకొకడు దుమ్ములో వెల్లకిలా పడ్డాడు. మూడోది, ఆరేళ్ళ పిల్ల, నడుం మీద చెయ్యి పెట్టుకుని అచ్చం స్వాకా గొంతుతో అరిచింది.

"లేవరా లే, నటించింది చాలు!"

స్వాకా గుడిసె వెనక్కి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు.

నాలుగో రోజు పగలు కిడెన్ వచ్చింది. తట్ట లేదు, కొంగున ఏదో ముడేసి ఉంది.

"నోరు పడిపోయిందటగా నీకు?"

స్వాకా ఆమె ముందు నేల మీద కూలబడ్డాడు. నాలుగు రోజులకి మొదటిసారి మాట వచ్చింది. "నా నాలుక కోసెయ్యి పెద్దమ్మా."

"కోసి ఏం చేసుకోను, కూర వండుకోనా? లేచి కూర్చో. దాంతో నాకు పనుంది."

ముడి విప్పి ఫోన్ తీసింది. ఎవరిదో అరువు ఫోను, అందులో ఆ మెమరీ కార్డు.

"పాటెట్టి చంపారు వెధవలు, నా బిడ్డ మాట వినపడకుండా. కానీ వాడి పెదాలు కదిలాయి. పదిసార్లు చూశాను. రెండుసార్లు కదిలాయి. నువ్వు చైనావాడి పెదాలు చూసి చెబుతావు కదా. మావాడివి చూసి చెప్పు. ఏమన్నాడు?"

"వద్దు పెద్దమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఏమన్నాడు?"

"నాకు రాదు!" అని అరిచాడు స్వాకా. "చైనా రాదు, ఇండియా భాష రాదు, ఏదీ రాదు. అన్నీ కల్పించి వాగాను. పదేళ్ళూ అబద్ధాలే చెప్పాను."

"తెలుసు."

స్వాకా తలెత్తాడు.

"చైనాలో రేషన్ కార్డేమిట్రా పిచ్చి సన్నాసీ? శిబిరమంతటికీ తెలుసు. అబద్ధమని తెలిసే డబ్బులిచ్చి విన్నారు." ఆమె ఫోన్ అతని చేతిలో పెట్టింది. "రెండేళ్ళు అడిగాను, నిజం చెప్పేవాడు ఒక్కడూ రాలేదు. ఇక రాడు కూడా. నువ్వు ఒక అబద్ధమైనా చెప్పు."

అతను చూశాడు. ఈసారి చారల చొక్కా కాదు, మొహం చూశాడు. ఎండకి చిట్లించిన కళ్ళు, ఎండిపోయిన పెదాలు. అవి రెండుసార్లు కదలగానే బొమ్మ ఆపేశాడు, దుమ్ము లేవకముందే. మైకు లేకపోతే అతని గొంతు చాలా చిన్నది.

"మేకల్ని కట్టేశానమ్మా, అన్నాడు."

కిడెన్ అతని మొహంలోకి చూసింది. తర్వాత ఆమె భుజాలు కదిలాయి.

"అబద్ధం!" అంది. "జన్మలో కట్టలేదు వాడు! ఒక్క మేకని, ఒక్కనాడు కట్టిన పాపాన పోలేదు!" నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఊగి ఊగి నవ్వింది. ఆ నవ్వు నవ్వుగానే ఆగలేదు. నాలుగు రోజులుగా రాని ఏడుపు మధ్యలో దాన్ని పట్టుకుంది. ఆమె అతని మోకాలి మీద తల వాల్చి, ఊరంతా వినపడేలా కొడుకుని పేరు పెట్టి పిలిచింది. సందులో పిల్లలు ఆట ఆపేశారు.

చాలాసేపటికి లేచి, మొహం తుడుచుకుని, ఫోన్ మళ్ళీ అతనివైపు తిప్పింది.

"అది వాడి మాట కాదు. ఇంకోసారి చూసి చెప్పు."

స్వాకా మళ్ళీ చూశాడు.