పీత బండి వెనక సూరమ్మ

పొద్దున్న ఏడింటికల్లా సూరమ్మ పీత బండి వెనక ఎక్కి కూర్చుంటుంది. అదే ఆవిడ ఉద్యోగం.

అక్కుపల్లి జీడితోటల్లో తిరిగే ఆ బండికి కాగితాల మీద వేరే పేరేదో ఉంది. బొద్దు టైర్లు నాలుగు, ఇసకలో దిగబడవు. మోటారు సైకిలుకున్నట్టే సీటూ హ్యాండిలూ. ముందు రెండు ఇనప చేతులు. మీట నొక్కితే అవి దుంగని రెండు పక్కలా కరిచి పట్టుకుని పైకెత్తుతాయి. చూసిన మొదటిరోజే ఎవరో పీత అన్నారు, ఆ పేరు ఉండిపోయింది. తోటలు కొట్టించే కాంట్రాక్టరు రామూర్తి దాన్ని కొన్నాడు. సూరమ్మ మనవరాలు ప్రవల్లిక తోలడం నేర్చుకుంది.

పీతకి ఒక చిక్కుంది. ముందు బరువెత్తితే వెనక చక్రాలు లేచిపోతాయి. అందుకని వెనకా బరువుండాలి. ఆ బరువు సూరమ్మ. నలభై ఏళ్లు ఇవే తోటల్లో నెత్తి మీద కట్టెలు మోసిన మనిషి, ఇప్పుడు క్యారియరు మీద బొంత మడిచి వేసుకుని, రెండు చేతులా కమ్మీ పట్టుకుని కూర్చుంటుంది.

"మామ్మా, సద్దన్నం సగవే తిన్నావు. సక్రం లెగిసిపోతంది సూడు," అని ప్రవల్లిక వెక్కిరించేది.

"నీ డ్రైవరీకి లెగిసిపోతంది గుంటా, నా తిండి మీదకి తొయ్యకు," అనేది సూరమ్మ.

ఆవిడకి ఇంకో పని కూడా ఉంది. ఈ ఉద్దానం ప్రాంతంలో కట్టెకి ఒక అలవాటు. ఏ పొయ్యికి వెళ్తోందో చెబితేగాని కదలదు. ఆ పొయ్యిని బట్టే దాని బరువు. బడిపిల్లల అన్నం పొయ్యికంటే చేటలో పొట్టులా వస్తుంది. పెళ్లివంటకంటే అటూ ఇటూ ఊగుతూ వస్తుంది. పలాస జీడి ఫ్యాక్టరీ బాయిలరుకంటే మాత్రం అలిగిన కోడలిలా కాళ్లీడ్చుకుంటూ వస్తుంది. అబద్ధం చెబితే అప్పటికి తేలిగ్గానే లేస్తుంది. సగం దారిలో, దాచుకున్న బరువంతా ఒక్కసారే వదిలేస్తుంది. సూరమ్మ పెనిమిటి అప్పలస్వామి ఒకసారి ఫ్యాక్టరీ కట్టెకి బడి పేరు చెప్పి, బతికున్నన్నాళ్లూ ఎడమపక్కకి వంగే నడిచాడు. దీన్ని వింతని ఎవరూ అనుకోరు. నాచు పట్టిన మెట్టు మీద చూసుకు నడవమన్నట్టే పిల్లలకి ఇదీ చెబుతారు.

కాబట్టి ప్రతి దుంగ దగ్గరా సూరమ్మ పక్కకి వంగి, "పలాస, బాయిలరు," అని చెప్పేది. ప్రవల్లిక మీట నొక్కేది. పని అలా సాగింది.

తోట రేపటితో ఖాళీ అవుతుందనగా రామూర్తి నాలుగు ఇసక మూటలు తెచ్చి బండి పక్కన పడేశాడు.

"అత్తా, పెద్దదానివైపోనావు. రేపటినుంచి ఎనకాల ఈటిని కట్టీసుకుంతాం. నువ్వింటికాడ కూకో."

"మూట మాటాడతాదేటి?"

"పొయ్యి పేరు పిల్ల సెప్పీగల్దు కదా."

నిజమే. సూరమ్మ క్యారియరు మీది బొంత తీసి చంకన పెట్టుకుంది. బండి రాకముందు ఎనిమిది నెలలు ఆవిడ ఇంట్లోనే ఉంది. ఇంట్లో గ్యాసు పొయ్యి. కోడలు దాన్ని ముట్టుకోనివ్వదు. కూర్చుని కూర్చుని కాళ్లు వాచాయి. వాకిట్లో ఎవరొచ్చినా ఆవిడ మీదుగా మాట్లాడుకుని వెళ్లేవాళ్లు, మూలనున్న కాగుని దాటుకుని వెళ్లినట్టు. ఒకరోజు ప్రవల్లిక ఏం వారమని అడిగితే చెప్పలేకపోయింది. మళ్లీ ఆ మూలకి వెళ్తే ఇంక లేవనని ఆవిడకి తెలుసు.

మర్నాడు మూటలు బండి ఎక్కాయి. సూరమ్మ పక్కన నడిచింది. ఒక్క దుంగ మిగిలింది, తుఫానుకి కూలిపోయిన ముసలి జీడిమాను. ప్రవల్లిక బాయిలరు పేరు చెప్పి మీట నొక్కింది. మాను కదల్లేదు. మూటలతో సహా వెనక చక్రాలే మూరెడు పైకి లేచాయి. ఇంకో రెండు మూటలు కట్టారు. మళ్లీ అంతే.

"బడి పేరు సెప్పీయే," అన్నాడు రామూర్తి.

"మీ మావ నడక మరిసిపోనావేటి?" అంది సూరమ్మ.

రామూర్తి నడుం తడుముకున్నాడు.

ఎండ ముదిరింది. ప్రవల్లికకి విసుగొచ్చింది. "బడొద్దు, బాయిలరొద్దు. మా మామ్మ పొయ్యికి ఎల్తావేటి?" అంటూ, నవ్వుతూనే మీట నొక్కింది.

మాను లేచింది. పొట్టులా లేచింది. ఇనప చేతుల్లో ఉన్నట్టే లేదు.

ప్రవల్లికా రామూర్తీ సూరమ్మ వంక చూశారు. సూరమ్మకి పొయ్యి లేదని ఊరందరికీ తెలుసు.

"దించీ అమ్మా," అంది సూరమ్మ. "అది అబద్ధం."

"సగం దారి రాకముందే దించీసి, ఇంకో అబద్ధం సెప్పుకుందాం," అన్నాడు రామూర్తి. ప్రవల్లిక అప్పటికే గేరు వేసింది.

బరువు ఒక్కసారిగా దిగితే బండి ముందుకి తిరగబడి పిల్ల కింద పడుతుంది. సూరమ్మ గబగబా మూటల మీదకెక్కి కూర్చుని, మనవరాలి నడుం పట్టుకుంది.

కట్టె లారీకెక్కించే రోడ్డుకి సగం దారిలో గుర్తు బోరింగు. రామూర్తి మోటారు సైకిలు మీద వెనకాలే వస్తూ, ఆపమని హారను కొట్టాడు. ప్రవల్లిక బ్రేకు నొక్కితే ఇసకలో బండి జారి బోరింగుని దాటిపోయింది. సూరమ్మ కళ్లు మూసుకుంది. ఏమీ కాలేదు. కళ్లు తెరిచేసరికి తోట కూడా దాటేశారు. మాను ముందు తేలుతూనే ఉంది.

అక్కుపల్లి రోడ్డు మలుపు దగ్గర మాత్రం బండి నెమ్మదిగా ముందుకి వంగింది, నీళ్లబిందె దించే మనిషిలా. మాను రోడ్డు పక్క ఇసకలో కూర్చుంది. తరవాత ఏ పొయ్యి పేరు చెప్పినా లేవలేదు. రామూర్తి దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఉండనీ. మనకి జలంత్రకోట తోట ఉంది," అన్నాడు.

మర్నాడు పీత బండి మూటలేసుకుని జలంత్రకోట వెళ్లిపోయింది. అయినా సూరమ్మకి వేళకి మెలకువొచ్చింది. కాళ్లు అలవాటుగా మలుపుదాకా నడిచాయి. పలాస జీడి ఫ్యాక్టరీలకెళ్లే ఆడవాళ్లు ఆటో కోసం రోజూ నిలబడే చోటది. ఆవేళ వాళ్లు నిలబడలేదు. పదిమందీ వరసగా మాను మీద కూర్చుని ఉన్నారు. ఒడిలో క్యారేజీలు, ఆవలింతలు.

వాళ్లలో దేముడమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది. "రా అప్పా, కూకో. కూకోడానికి మాను దొరికింది. టీ సుక్క దొరికితే బాగున్ను."

సూరమ్మ కూర్చోలేదు. కాసేపు మాను వంక చూసింది. ఇంటికెళ్లి గిన్నె, టీ పొడి, పంచదార, పాలు తెచ్చింది. కోడలు ఎక్కడికని అడిగితే, "పన్లోకి," అంది. మూడు రాళ్లు చూసి పేర్చింది. ఆటో వచ్చి హారను కొట్టినా ఎవరూ లేవలేదు. ఆటోవాడు కూడా దిగి వచ్చి నిలబడ్డాడు.

మాను చివర పెచ్చు ఊడిన చోట ఒక పేడు పట్టుకుని లాగింది సూరమ్మ. నలభై ఏళ్ల అలవాటు, ఏ పొయ్యికో చెప్పాలని నోరు తెరిచింది. చెప్పకముందే పేడు చేతిలోకి వచ్చేసింది. దానికి బరువే లేదు.