నా మెట్ల మీద జరిగిన మోసం

నేను ఒక హార్మోనియం పెట్టెను. టేకు చెక్క ఒళ్ళు, తోలు అంచుల తిత్తి, ఇత్తడి రీడ్లు, వేళ్ళతో నొక్కే మెట్లు. బెజవాడలో ఒక ఇరుకు సందు కార్ఖానాలో పుట్టాను. నన్ను చేసిన మనిషి పాడగా ఎవరూ వినలేదు. అతనికి ఉన్నదల్లా చెవి. గాలి ఎక్కడ వృథాగా కారుతోందో ఇట్టే పట్టేసేవాడు. ఆ బుద్ధే నాకూ వచ్చింది. ఎవరికి ఏది వచ్చింది, ఎవరి చేతిలోంచి ఏది జారింది, మనుషుల్ని నేను చూసే పద్ధతి ఇదే. పాట పలికే పెట్టెకు ఈ బేరగాడి బుద్ధేమిటని అనుకోకండి. సగం జీవితం నాటకాల కాంట్రాక్టరు దగ్గర, తక్కిన సగం గిన్నెల కొట్టులో గడిపినదానికి మరే బుద్ధి వస్తుంది?

ఆ కాంట్రాక్టరు తెరలు, కిరీటాలు, నన్నూ కలిపి అద్దెకు తిప్పేవాడు. వాన వస్తే ముందు కిరీటాల మీద పట్టా కప్పేవాడు. అట్ట కిరీటం తడిస్తే పనికిరాదు, చెక్క పెట్టె ఆరుతుంది అన్నది ఆయన లెక్క. ఆ లెక్కలో తప్పు లేదు కనుక నాకు కోపం రాలేదు. నాటకాలు తగ్గి ఆయన దుకాణం కట్టేశాక, నన్ను వాయించే అప్పయ్యగారు పొన్నూరు తెచ్చుకున్నారు. ఆయన కూతురు తాయారు నా పక్కన కూర్చునే పద్యం నేర్చింది. "కళ్ళు మూసుకుని శ్రుతి పట్టుకో, పెట్టె ఇచ్చిందే నీ శ్రుతి" అని ఆయన చెప్పేవారు. ఆ మాట ఆమె ఎన్నడూ మర్చిపోలేదు. అదే ఆమెకు నష్టం తెచ్చింది.

అప్పయ్యగారు పోయాక నేను తాయారుతోపాటు ఆమె భర్త కోటిలింగం గిన్నెల కొట్టుకు చేరాను. అదే ఊళ్ళో, గడియారం సెంటర్లో. కోటిలింగం మంచివాడే. సంగీతమంటే ఆయనకు తెలిసింది బిందెను వేలితో కొట్టి మందం చెప్పడం ఒక్కటే. మధ్యాహ్నం ఆయన భోంచేసి కునుకు తీస్తుంటే, షట్టరు సగం దించి, తాయారు వెనక గదిలో నన్ను తెరిచేది. పాత నాటకాల పద్యాలు కాదు, సొంతంగా కట్టినవి పాడేది. దేవుళ్ళ మీద కాదు, కొట్టుకు వచ్చే జనం మీద. ఒకటి వినండి:

బిందె తట్టి చూసి బీటన్న దొకయమ్మ
గిన్నె తిప్పి సొట్ట గిల్లి చూపె
కొట్టు మొత్త మిట్లు గోకి చూసి తుదకు
చెంచ యైన కొనక చెంగు దులిపె

దీన్ని రాజదర్బారు పద్యంలా రాగం లాగి పాడితే నా రీడ్లకే నవ్వొచ్చేది. ఇంత సరుకు పెట్టుకుని ఆమె ఎవరికీ వినిపించదు. యతి తప్పిందంటారేమో, ఆడదానికి ఈ వెటకారమేమిటంటారేమో, కొట్టుకొచ్చే వాళ్ళు మొహం తిప్పుకుంటారేమో. గోదాంలో సరుకు నిండి ఉంది, తలుపు తెరవడానికే భయం.

అప్పుడు వచ్చాడు పరాంకుశం మాస్టారు. అప్పయ్యగారి శిష్యుడు, బళ్ళో డ్రాయింగు చెప్పి రిటైరైనవాడు. నన్ను వాయించడంలో చేయి తిరిగినవాడు. తాయారు పద్యం విని ఒళ్ళు మరిచి తల ఊపాడు.

"ఇవి ఫోన్లో పెడదామమ్మాయ్. లోకం వింటది."

"అమ్మో, నా మొహం చూసి నవ్వుతారు మాస్టారూ."

"నీ మొహం ఎందుకు? పెట్టె మీద నా చేతులు కనపడతయి, నీ గొంతు వినపడద్ది. పేజీ నేను చూసుకుంటా. నువ్వు పాడు, అంతే."

తాయారుకు అది వరంలా తోచింది. నాకూ బాగానే ఉంది. అన్నేళ్ళు తెర వెనక పడి ఉన్నదాన్ని, ఇన్నాళ్ళకు బొమ్మలో నేనే కనిపిస్తున్నాను.

నాలుగు పద్యాలు ఎక్కాక ఆమె ఆశగా అడిగింది, "ఏమంటున్నారు మాస్టారూ?"

ఆయన నిట్టూర్చాడు. "ఏం చెప్పమంటావు? గొంతు పెనం గీకినట్టుందని ఒకడు. ఇది పద్యమా, గిన్నెల మోతా అని ఇంకొకడు. నువ్వు మటుకు చూడమాక, నీ గుండె తట్టుకోలేదు. నేను జవాబు చెప్తున్నాగా."

తాయారు దగ్గరా ఫోను ఉంది. చూడాలంటే ఎంతసేపు? చూడలేదు. పేజీ పేరు తలుచుకుంటేనే ఫోను బోర్లా పెట్టేసేది. ఆమె మళ్ళీ మళ్ళీ పద్యం దిద్దుకునేది, గొంతు నునుపు చేసుకునేది, తిట్టేవాళ్ళకోసం. మాస్టారి పెట్టుబడి నేనో, తన వేళ్ళో అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు. తాయారు భయమే ఆయన పెట్టుబడి.

ఒకరోజు ఒకావిడ ఇడ్లీ పాత్రకోసం వచ్చింది. ఉన్న పాత్రలన్నీ తిరగేస్తోంది. తాయారు ఆపుకోలేక ఆ బిందె పద్యం చివరి పాదం సన్నగా రాగం తీసింది. ఆవిడ చేతిలో పాత్ర అలాగే ఆగింది.

"ఏమండీ, ఈ గొంతు... పరాంకుశం గారి పద్యాలు పాడే అమ్మాయి మీరేనా?"

"పరాంకుశం గారి పద్యాలా?"

"ఆయన రాసినవేగా! మా ఇంట్లో రోజూ వింటాం. మా ఆడబిడ్డయితే ఆ పాడే తల్లి కాళ్ళకు దణ్ణం పెట్టాలంటది." అని ఫోను తెరిచి చూపించింది.

తాయారు చూసింది. చదువుతూనే ఉంది. 'ఎవరండీ ఈ గొంతు?' 'ఒకసారి ముఖం చూపించండి.' 'జబ్బుతో పడుకున్న మా అమ్మ నవ్వి నవ్వి మంచం దిగింది.' పెనం అన్నవాడు లేడు, మోత అన్నవాడు లేడు. ప్రతి పద్యం కింద 'రచన: పరాంకుశం' అని ఉంది. ఎవరీ గాయని అన్న ప్రతివారికీ ఒకటే జవాబు, 'నా శిష్యురాలు, నేర్చుకుంటోంది.'

ఆవిడ పాత్ర కొనుక్కుని వెళ్ళింది. తాయారు చిల్లర ఇవ్వడం మర్చిపోతే కోటిలింగమే ఇచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు వస్తే ఆమె అరవలేదు. "నన్ను తిట్టినవాళ్ళ పేర్లు చెప్పండి మాస్టారూ, ఒక్కటి" అంది.

ఆయన కాసేపు నా తిత్తి సవరించాడు. "నీ మీద పడే రాళ్ళు నా మీద వేయించుకుందామనేగా అమ్మాయ్, నా పేరు పెట్టింది."

"పూలు కూడా మీ మీదే వేయించుకున్నారుగా. రేపు లైవ్‌లో పాడతాను. నా మొహంతో, నా పేరుతో. వాయిస్తారా?"

ఆయనెందుకని మీరడగవచ్చు. శ్రుతి లేకుండా పద్యం నిలబడదని ఆమె నమ్మకం. నన్ను వాయించేవాళ్ళు ఊళ్ళో మరొకరు లేరు. "దానికేం, వాయిస్తా" అన్నాడాయన, మరీ తేలిగ్గా.

ఇక్కడ మా వృత్తిలోని ఒక సంగతి చెప్పాలి. నాటకాల రోజుల్లో హార్మోనిస్టుకు గిట్టని నటుడు రంగం మీదకొస్తే, హార్మోనిస్టు వాడి శ్రుతిని ఒక మెట్టు పైన పట్టేవాడు. వినేవాళ్ళకు తేడా తెలియదు. పాపం ఆ నటుడు హుషారుగా ఎత్తుకుని, పై స్వరం దగ్గరకు వెళ్ళేసరికి గొంతు జీరపోయి ఈలలు వేయించుకునేవాడు. తాయారు గొంతుకు సరిపోయే శ్రుతి ఐదో మెట్టు. ఆరోజు పరాంకుశం ఆరు మీద వేలు పెట్టాడు.

నేనేం చెయ్యను? నొక్కిన మెట్టు పలకడమే నాకు తెలుసు. పలికాను.

ఆమె ఫోను ముందు కూర్చుంది. "నేను తాయారునండీ. గిన్నెల కొట్టు తాయారుని. ఈ పద్యాలు నావి." తండ్రి చెప్పినట్టు కళ్ళు మూసుకుంది. నేనిచ్చిన శ్రుతి అందుకుంది. మూడో పాదం రాగం పైకి లాగేసరికి గొంతు చీలింది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ చీలింది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా అక్షరాలు పాకుతున్నాయి. 'ఈమెనా?' 'మాస్టారి పరువు తీసింది.' 'అక్కా, గిన్నెలు అమ్ముకో.'

ఇన్నేళ్ళూ ఏ మాటలకు భయపడిందో అవన్నీ నిజంగానే వచ్చాయి. తాయారు ఒక్కొక్కటీ చదివింది. చదవడం అయ్యాక కూడా ఆమె అక్కడే కూర్చుని ఉంది. అప్పుడు తల తిప్పి నా మెట్ల వైపు చూసింది. ఆయన వేలు ఎక్కడుందో చూసింది.

"మాస్టారూ, మా నాన్న పెట్టె మీదా ఈ మోసం?" అంది. అంతే. అరచెయ్యి నా తిత్తి మీద వేసి నొక్కేసింది. నా ఊపిరి ఆగిపోయింది.

"గిన్నెలు అమ్ముకునేదాన్నే తమ్ముడూ, కాస్త ఆగు, విని పో" అని ఫోనుతో అని, ఏ ఆధారం లేకుండా పద్యం ఎత్తుకుంది. తనకు అందేంత ఎత్తులో, తనకు నచ్చినంత సేపు. చివరి పాదం దగ్గర పక్క గదిలోంచి కోటిలింగం గట్టిగా నవ్వాడు. ఫోన్లో ఎవరో 'వన్స్ మోర్' అన్నారు. ఇంకెవరో యతి సంగతి ఏదో అన్నారు. ఆమె ఇద్దరికీ తల ఊపింది. మాస్టారు చెప్పులు ఎప్పుడు వేసుకున్నాడో ఎవరూ చూడలేదు.

ఇప్పుడామె రోజూ పాడుతుంది, బేరాల మధ్య, షట్టరు పూర్తిగా ఎత్తి. మెచ్చుకునేవారున్నారు, ఎత్తిపొడిచేవారున్నారు. రెండూ పైకే చదివి వినిపిస్తుంది. నన్ను మాత్రం తెరవలేదు. కొన్నాళ్ళకు కోటిలింగం నన్ను పాత ఇత్తడి కుప్ప మీదకు చేర్చాడు. మార్పిడికి వచ్చిన చిల్లుల చెంబులు, విరిగిన దీపపు కుందులు నాకిప్పుడు ఇరుగుపొరుగు.

ఒకసారి ఆమె చెంబుకోసం వచ్చి నన్ను చూసి ఆగింది. మూత తీసి, తిత్తి లాగి ఐదు నొక్కింది, తర్వాత ఆరు నొక్కింది. రెండూ సరిగ్గానే పలికాను.

"ఇది అబద్ధం చెప్పలేదండీ. ఏది నొక్కితే అదే పలికింది. కళ్ళు మూసుకుంది నేనే" అంది భర్తతో.

"అయితే లోపలికి తీసుకెళ్ళనా?"

ఆమె చెంబు తీసుకుని లేచింది. "ఎందుకులెండి. లోపల ఉంటే మళ్ళీ ఇంకెవరో నొక్కుతారు."

తప్పు లేదని తేల్చింది, కుప్ప మీదే వదిలింది. అప్పయ్యగారు తన చొక్కా కొసతో తుడిచిన మెట్లు నావి. ఆ మెట్ల మీదే ఆయన శిష్యుడు ఆయన కూతురి గొంతు కోశాడు. ఆ శిక్ష నాకు పడింది, మాస్టారు ఎక్కడో మరో పెట్టె వాయించుకుంటూనే ఉంటాడు. మనుషుల లెక్కలు చూస్తూ ఇంతకాలం బతికాను కానీ, ఈ ఒక్క లెక్క నాకు కుదరలేదు.

ముందు కొట్టులోంచి ఆమె గొంతు వినిపిస్తోంది. శ్రుతి ఐదుకు ఒక వెంట్రుకంత కింద ఉంది. వినేవాళ్ళు నవ్వుతున్నారు, ఇంకోటి పాడమంటున్నారు. ఆ వెంట్రుక సంగతి తెలిసింది ఊళ్ళో నా ఒక్కదానికే. నన్ను అడిగేవాళ్ళు లేరు.