నాలుగు రోజులకే బిగించిన బ్యాటరీ

షెడ్డులో అందరూ ఆమెను మీటరమ్మ అంటారు. చేతిలో మీటరు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు మరి. పాత ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలు విప్పి, లోపలి సెల్లుల్లో ఇంకా ప్రాణమున్నవి ఏరడం ఆమె పని. లోకమంతా ఆలస్యం అమృతం విషం అంటుంది గానీ, ఈ పనిలో తొందరే విషం. సెల్లును నిండా ఛార్జి చేసి ఇరవై రోజులు బల్ల మీద ఊరికే ఉంచాలి. వోల్టేజి నిలిస్తే మంచిది. తగ్గిందంటే లోపల తెగులున్నట్టే, ఎప్పుడో ఒకప్పుడు అంటుకుంటుంది. పందొమ్మిదో రోజున ఎవరైనా చెయ్యి వేశారా, మీటరమ్మ వాళ్లను ఉతికి ఆరేసేది.

అటువంటి మనిషి తన ఇంటికి మాత్రం నాలుగు రోజులే ఆగింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడటమంటే ఇదే. అయితే ఆమెను తిట్టేముందు సంగతి వినాలి. ఆమె భర్త ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు. ఆక్సిజన్ యంత్రం ఆగితే పావుగంటలో పెదాలు నీలమవుతాయి. ఆ వారం కరెంటు రెండుసార్లు పోయింది. రెండోసారి మనిషి చావు గడప దాకా వెళ్లొచ్చాడు. ఇంకా పదహారు రోజులు ఎవరాగుతారు? ఒకే కారులో దొరికిన పన్నెండు సెల్లుల్లో ఎనిమిది తెచ్చి, నాలుగేసి చొప్పున రెండు వరుసలు కట్టి, ఇన్వర్టరుకి తగిలించి మంచం పక్కన పెట్టింది.

షెడ్డులో మిగిలిన నాలుగింటికి ఇవాళ ఇరవయ్యో రోజు. మధ్యాహ్నం మీటరు పెట్టి చూస్తే రెండింటి వోల్టేజి పడిపోయింది.

ఇవీ, ఇంట్లో ఉన్న ఎనిమిదీ ఒక్క తల్లి పిల్లలే కదా! ఇంటికి ఫోన్ చేస్తే అత్తగారు ఎత్తింది.

"పొద్దున్నే కరెంటు పోయిందమ్మా. నీ బ్యాటరీ మీదే నడుస్తోంది. కాస్త వేడిగా ఉంది, నీకు చెబుదామంటే వాడే వద్దన్నాడు. తను చూడకుండా పెడుతుందా అన్నాడు."

"అత్తయ్యా, దాని దగ్గరికి పోకండి! ఆక్సిజన్ ఉన్న అంబులెన్సు పిలవండి. నేనొస్తున్నా!"

షెడ్డు నుంచి ఇంటిదాకా ఆరు వీధులూ పరుగెత్తింది. చేతులారా చేసుకున్నాను, నా మొగుణ్ణి నేనే చంపుకుంటున్నాను అని దారిపొడుగునా ఏడ్చింది. ఇంట్లో అడుగుపెడితే ఏదో మందులాంటి తియ్యటి వాసన. గోడవైపు వరుసలో ఒక సెల్లు పొట్ట ఉబ్బి ఉంది. ఆ వరుస తీగలు ఊడదీసి, దుప్పటి మీదకు దొర్లించి, వీధి మధ్యకు ఈడ్చేసింది. ఆమె వెనక్కి తిరిగిందో లేదో అది బుస్సుమని పొగ కక్కింది.

యంత్రం మాత్రం ఆగలేదు. కానీ రెండు వరుసలు మోసే బరువు ఇప్పుడు ఒక్క వరుస మీద పడింది.

"అంబులెన్సు ఏమైంది?"

"అరగంట పడుతుందన్నారమ్మా."

"మీరు వీధి చివర నిలబడి దారి చూపించండి," అని అత్తగారిని పంపేసింది. మిగిలిన వరుసను మంచానికి దూరంగా లాగింది. గడప దగ్గరికి వచ్చేసరికి తీగ పొడవు అయిపోయింది. దానికీ మంచానికీ మధ్య తానే కూర్చుని, సెల్లుల మీద అరచెయ్యి ఆనించింది. వేడెక్కితే పీకి అవతలికి నెట్టాలి. పీకితే ఆయనకు పావుగంట.

"వేడెక్కుతోందా?" ముసుగు లోంచి ఆయన అడిగాడు.

"లేదండీ."

"అబద్ధాలాడకు. వేడెక్కితే పీకేసి బయటికి పో. నా గురించి చూడకు."

"చల్లగానే ఉందంటున్నాగా. మాట్లాడకండి, ఆయాసం వస్తుంది."

జ్వరమొచ్చిన నుదురులా ఉంది అప్పటికే. అంబులెన్సు చప్పుడేమైనా వస్తుందేమోనని చెవులు రిక్కించింది. వీధిలో జనం అరుపులు తప్ప ఏమీ లేదు. పీకేయ్, పీకేయ్ అంటోంది ఇన్నేళ్లు నేర్చిన పని. ఆయన ఛాతీ లేచి పడుతోంది.

ఆయన మళ్లీ అడిగాడు. అరచెయ్యి వేడికి ఓర్చలేక ఆమె రెండో చెయ్యి ఆనించింది.

"చల్లగానే ఉందండీ," అంది.