నాడి దొరకని మణికట్టు

కొక్కెం సూది ఆమె చూపుడువేలి కొసలో సగం దాకా దిగబడి ఉంది; నొప్పి లేదు, నెత్తురు చుక్క కూడా లేదు.

ఆమె ఆ వేలిని ఎవరి వేలో అన్నట్టు చూసింది. సూది లాగేసింది. అది దిగిన చోట తెల్లటి చిల్లు మిగిలింది, అంతే. చెయ్యి దీపం కిందికి జరిపింది. వేళ్ళ కొసలన్నీ నీలం తిరిగాయి. గోళ్ళు సిరాలో ముంచి తీసినట్టున్నాయి. ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుంది. రెండూ మంచుగడ్డల్లా ఉన్నాయి, ఏది దేన్ని తాకుతోందో కూడా తెలియలేదు.

ఆ ఇంట్లో విగ్గుల తయారీ మామగారు మొదలుపెట్టింది. జుట్టు కడిగి, రంగు వేసి, తలల కొలతలు తీసేది ఆయన కొడుకు, ఆమె భర్త. సన్నటి వలలో ఒక్కొక్క వెంట్రుకా లాగి ముడివేసేది కోడలు. నాటకాల వాళ్ళూ, జబ్బు చేసి జుట్టు ఊడిపోయిన వాళ్ళూ ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వచ్చేది ఆ ముడి కోసమే. ఆమె కుట్టిన నుదుటి అంచు చూస్తే అది పెట్టుడు జుట్టని సొంత మనుషులే పోల్చుకోలేరు. ఆ చేతులకేమైనా అయితే ఆ ఇంట్లో ఇంకెవరికీ ఆ పని రాదు. ఆమెకి ఇంకే పనీ రాదు.

భర్త రంగు చేతులు కూడా కడుక్కోకుండా స్కూటర్ తీశాడు.

ఆస్పత్రిలో ఒక కుర్ర డాక్టరు ఆమె మణికట్టు పట్టుకుని చూశాడు. రెండోది పట్టుకున్నాడు. మళ్ళీ మొదటిది. ఆ తర్వాత పరుగులాంటి నడకతో వెళ్ళి పెద్ద డాక్టరమ్మని పిలుచుకొచ్చాడు. ఆవిడ చిన్న యంత్రం తెచ్చి మోచేతి దగ్గర ఆనిస్తే గుసగుసమని నెత్తురు పారుతున్న చప్పుడు వినిపించింది. మణికట్టు దగ్గర ఆనిస్తే ఏమీ లేదు.

ఏం మందులు వాడుతున్నావని డాక్టరమ్మ అడిగింది. పంటి కింద చీము పడితే పళ్ళ డాక్టరు ఇచ్చిన యాంటీబయాటిక్ తప్ప ఇంకేమీ లేదంది కోడలు. వేరే మందులు వాడుతున్నావా అని ఆ పళ్ళ డాక్టరు అడిగితే, ఏమీ లేవనే చెప్పిందట. తలనొప్పుల సంగతికి వచ్చేసరికి భర్తే అందుకున్నాడు. పెళ్ళికి ముందు నుంచీ ఒంటి పక్క తలనొప్పి ఉందనీ, వెలుతురు చూడలేదనీ, ఈమధ్య రోజు విడిచి రోజు కాదు, రోజూ వస్తోందనీ చెప్పాడు. దానికి మామూలు నొప్పి మాత్ర, చీకటి గది. అంతే.

"ఎర్గోటమిన్ అని మైగ్రేన్‌కి ఒక పాత మందుంది. అది వేసుకోవడం లేదూ?" అంది డాక్టరమ్మ.

"లేదండీ. పేరే వినలేదు."

డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది.

"చూడమ్మా, ఆ మందు రక్తనాళాల్ని బిగిస్తుంది. తలనొప్పి తగ్గేది అందువల్లే. కానీ ఇది తల, ఇది చెయ్యి అని దానికి తెలియదు, ఒళ్ళంతా బిగిస్తుంది. మామూలుగా అయితే కాలేయం దాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. మీ పంటి మందు ఉందే, అది కాలేయాన్ని ఆ పని చెయ్యనివ్వదు. రెండూ కలిస్తే పాత మందు లోపలే పేరుకుపోతుంది. సరిగ్గా ఇలాగే నీలం తిరుగుతాయి చేతులు."

"కానీ నేను వేసుకోలేదు కదండీ."

"రక్తం పరీక్షకి పంపాను, అది రావడానికి టైం పడుతుంది. నాళాలు తెరుచుకోవడానికి సెలైన్‌లో మందు పెడుతున్నాను. ఎంత పడింది, ఆఖరుసారి ఎప్పుడు పడింది, అది నాకు తెలియాలి. ఇంకొక్క మాత్ర గనక లోపలికి వెళితే ఈ వేళ్ళు నల్లబడతాయి. నల్లబడితే ఇక కొయ్యడమే."

డాక్టరమ్మ లేస్తూ ఇంకో మాట చెప్పింది. ఆ మందు తరచూ పడేవాళ్ళకి దాని పట్టు సడలినప్పుడల్లా తలనొప్పి తిరగబెడుతుందట. ఆ నొప్పి మళ్ళీ ఆ మందు పడితే గాని పోదట.

కోడలి మనసు అక్కడే ఆగిపోయింది. తను వేసుకోలేదు. అంటే ఎవరో వేశారు.

ముందు భర్త వైపే చూసింది. చూసినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. కానీ రోజూ తను తాగే కాఫీ కాచేది ఆయనే మరి.

వాళ్ళ పనిలో ఒక నియమం ఉంది. ముడివేస్తున్న చెయ్యి కప్పు ముట్టకూడదు. చేతికి తడి అంటినా జిడ్డు అంటినా వెంట్రుక జారుతుంది, ముడి నిలవదు. అందుకని ముడి పని మీద కూర్చున్న మనిషి లేవకుండా, ఇంకొకరు కప్పు పట్టుకుని స్ట్రా నోటికి అందించాలి. ఆ నియమం పెట్టింది మామగారే. అందించేదీ ఆయనే. మహారాణీవారికి కాఫీ వస్తోందని భర్త వంటింట్లోంచి వెక్కిరించేవాడు. ఆయన కాచిన కాఫీని, నడవా దాటించి ముక్కాలిపీట దాకా తెచ్చేది మామగారు.

మొన్న మామగారు చుట్టాలింటికి వెళ్ళి మర్నాటిదాకా రాలేదు. ఆ పూట కాఫీ భర్తే పట్టించాడు. ఆ రాత్రి తల బద్దలైపోయింది, వాంతులతో చచ్చి బతికింది. మామగారు వచ్చి కాఫీ పట్టించిన కాసేపటికి నొప్పి తీసేసినట్టు పోయింది. మీ చేతి చలవ మామయ్యగారూ అని తను నవ్వింది కూడా. ఆయనా నవ్వాడు.

అప్పుడెప్పుడో ఆయన తన పాత మాత్రల పట్టీ చూపించి ఒకటి వేసుకోమంటే, మీ డాక్టరు మీకు రాసింది నాకెందుకని తోసిపుచ్చిన సంగతీ గుర్తొచ్చింది.

భర్తకి చెప్పింది. ఆయన మొహం కందగడ్డ అయింది.

"మా నాన్నా? నీకేమన్నా మతి పోయిందా? నువ్వు పుట్టింటికెళితే ఆయన సరిగ్గా అన్నం కూడా తినడు."

"విషం పెట్టాడని నేనన్నానా? మాత్ర వేశాడంటున్నాను."

ఆయన ఇంటికి ఫోన్ చెయ్యబోయాడు.

డాక్టరమ్మ చెప్పినదేదీ మామగారికి చెప్పొద్దనీ, తల పగిలిపోతోంది, నీ చేతి కాఫీ కావాలంటోందని మాత్రం ఫోన్లో చెప్పమనీ అడిగింది. ఆయన అలాగే చెప్పాడు. డాక్టరమ్మ విని, ఒక్క చుక్క కూడా మింగడానికి వీల్లేదని గట్టిగా చెప్పి, తెర వెనక్కి వెళ్ళి నిలబడింది.

మామగారు ఫ్లాస్కూ కప్పూ స్ట్రా పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు. దూది చుట్టి ఉన్న ఆమె చేతుల వైపు చూడకుండా, తలనొప్పికి ఇంత హడావుడి ఎందుకని కొడుకుని మందలించాడు. కప్పులో కాఫీ పోశాడు. కిటికీ వైపు తిరిగాడు. చెంచా చప్పుడు చాలాసేపు వినిపించింది. ఫ్లాస్కులో కాఫీకి ఇంట్లోనే పంచదార కలిపేస్తారు. మళ్ళీ కలపాల్సిన పనే లేదు.

స్ట్రా ఆమె పెదవుల దాకా వచ్చింది.

"తాగమ్మాయ్. కాసేపట్లో తగ్గిపోతుంది."

ఆమె పెదవులు బిగించింది. ఆయన స్ట్రా ఇంకాస్త ముందుకి జరిపాడు. ఆమె తల పక్కకి తిప్పుకుంది.

"ముందు మీరొక గుక్క తాగండి మామయ్యగారూ."

"నీకని తెచ్చింది నాకెందుకమ్మా."

"ఒక్క గుక్క."

"నేను తాగకూడదమ్మా, నాకు..."

మాట నోరు జారాక గాని ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. పొద్దున లేస్తే కాఫీ లేనిదే మంచం దిగని మనిషి ఆయన. కొడుకు వచ్చి కప్పు లాక్కున్నాడు. చెంచాతో అడుగు కెలికి పైకి తీస్తే చెంచా నిండా తెల్లటి నలుసులు. కొడుకు దాన్ని తండ్రి మొహం ముందు పెట్టాడు.

డాక్టరమ్మ తెర తీసుకుని వచ్చింది. ఆమె చేతుల మీది దూది విప్పింది. ఆ వేళ్ళు చూడగానే మామగారు వెనక్కి తూలాడు. కొడుకు పట్టుకోలేదు. ఆయనే మంచం చట్రం పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

"ఎన్ని వేశారు, ఆఖరుది ఎప్పుడు, అది చెప్పండి ముందు," అంది డాక్టరమ్మ.

"పొద్దున ఒకటి. రోజుకి రెండు వేస్తాను. నొప్పి గట్టిగా ఉందంటే మూడు. నేనే వేశాను డాక్టరమ్మా, వీడికేం తెలియదు. నడవాలో నిలబడి చెంచాతో నలిపి వేసేవాణ్ణి. నాకూ ఉండేది ఈ నొప్పి. ఛాతీలో పట్టేసినప్పుడు మా డాక్టరు ఇది నరాల్ని బిగిస్తుంది, ఇక జన్మలో ముట్టొద్దన్నాడు. నాకు గుండె జబ్బు గనక నాకు పడదు, ఈ పిల్ల గుండె గట్టిదే కదా అనుకున్నాను. పాత చీటీ చూపిస్తే దుకాణంలో ఇచ్చేవాళ్ళు. అమ్మాయ్, నువ్వు చీకట్లో గోడకి తల బాదుకుంటుంటే చూడలేకపోయాను. మొదటిసారి వేసినప్పుడు లేచి నవ్వావు. చెబితే మానేస్తావని చెప్పలేదు. తర్వాత వెయ్యకపోతే నొప్పి, వేస్తే హాయి. మందు పనిచేస్తోందని మురిసిపోయాను గాని, ఆ నొప్పి తెస్తున్నది కూడా నేనేనని తట్టలేదు. నిన్న నీ గోళ్ళు చూశాను. రంగు అంటిందేమో అనుకున్నాను... లేదు, అబద్ధం. రంగు కాదని తెలుసు. నా వేళ్ళు కూడా ఒకసారి అలా తిరిగాయి. తెలిసే ఈ పొద్దున మళ్ళీ వేశాను. మానేస్తే నీకు నొప్పొస్తుంది, నొప్పొస్తే ఆస్పత్రికెళతావు, వెళితే నా సంగతి బయటపడుతుందని. ఇప్పుడు కూడా అందుకే తెచ్చాను. నొప్పి తగ్గితే, ఎవరూ ఏమీ అడక్కుండా నిన్ను ఇంటికి పంపించేస్తారనుకున్నాను."