స్కఫుల్ అని రాసిన కాగితం

పెళ్లై నెలైనా కాపురానికొచ్చిన ఖుర్సీపార్ బస్తీలో హైమవతికి ఇంకా అన్నీ ముచ్చటే. కుళాయిలో నీళ్లొచ్చినా నవ్వే, కిటికీకి కొత్త తెర కట్టినా నవ్వే. ఆ సాయంత్రం మొగుడు గణపతిరావు, కాంట్రాక్టరు ఆఫీసులో తానే ఇంగ్లీషులో టైపు కొట్టిన వాంగ్మూలం కాగితం ఇంటికి తెచ్చాడు. వెంట తలకు కట్టుతో కూలీ పోలయ్య వచ్చాడు. మేస్త్రీ ఇనపకడ్డీతో తల పగలగొట్టాడని అతను ఫిర్యాదు చేసి వారమైంది. పోలయ్యదీ గణపతిరావుదీ శ్రీకాకుళం వైపు ఒకే ఊరు. అందుకే ఆ కాగితం మీద అతని వేలిముద్ర తాను వేయిస్తానని గణపతిరావు ఆఫీసులో మాటిచ్చాడు.

"మన బాబే రాసినాడు, ఇంకేటి సూసీది!" అంటూ పోలయ్య బొటనవేలు సిరాలో అద్దాడు.

హైమవతి సరదాగా కాగితం అందుకుని చదివింది.

"స్కఫుల్ అని రాశారేమండీ? అంటే ఇద్దరూ కలబడ్డారని కదా. ఈయన చెయ్యెత్తాడా?"

"కొట్లాటకి ఇంగ్లీషులో అదే రాస్తారులే. నువ్వెళ్లి కాఫీ పెట్టు."

"సెయ్యెలాగెత్తుతానమ్మా? రెండు సేతుల్తో సిమెంటు తట్ట మోస్తన్నాను."

"ముద్ర వెయ్యకు మావా. ఇద్దరూ కొట్టుకున్నారని నిన్నూ పనిలోంచి తీసేస్తారు," అంది హైమవతి పోలయ్యతో.

పోలయ్య గణపతిరావు వంక చూశాడు. "మేస్త్రీ కాంట్రాక్టరుకి బావమరిది. నన్నేం చెయ్యమంటావ్?" అని గణపతిరావు గొణిగాడు. పోలయ్య ముద్ర వెయ్యకుండానే సిరా వేలు లుంగీకి తుడుచుకుని వెళ్లిపోయాడు.

"బాగా చదివిన పెళ్లామే దొరికింది!" అని నవ్వుతూ గణపతిరావు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. హైమవతి మీద బల్లి పడినట్టు విదిలించుకుని, పెరట్లోకి పోయి తలారా నీళ్లు పోసుకుంది.