ఎవరికీ చెప్పకండి

మా చెల్లెలు తన ఫోనుకి వేసుకున్నన్ని తాళాలు మా వీధిలో ఇళ్ళన్నిటికీ కలిపినా ఉండవు. నంబరు మార్చింది. ఫొటోలు తీసేసింది. తానెక్కడున్నదీ చూపించే గుర్తునీ ఆపేసింది. మొగుడు చెయ్యి విరగ్గొట్టాక బయటికి వచ్చేసిన మనిషి. అతను ఊరుకోలేదు. ఆమె ఏ ఉద్యోగంలో చేరితే ఆ గేటు దగ్గర ప్రత్యక్షమయ్యేవాడు. మా ఇంటికీ వచ్చి, గదులన్నీ కళ్ళారా చూసి, ఆమె లేదని నమ్మి వెళ్ళాడు. ఆ తరవాతే ఆమె వచ్చింది. చూసిన చోట మళ్ళీ వెతకడన్న ఆ ధైర్యం మీదే మేమంతా నిద్రపోతున్నాం.

మా అత్తగారికి మర్యాద ప్రాణం. గుమ్మంలోకి వచ్చినవాళ్ళని పలకరించకపోవడం ఎంత తప్పో, ఫొటో కింద ఎవరైనా మాట రాస్తే బదులివ్వకపోవడమూ అంత తప్పే ఆవిడకి. ఒక పువ్వు బొమ్మ పెట్టినవాళ్ళకి గుత్తి పెడుతుంది.

ఆ మధ్య దిండుగలీబు మీద చిలకని కుట్టింది. చెల్లెలు దాన్ని ఎత్తి పట్టుకుంటే ఫొటో తీసి నెట్‌లో పెట్టింది. మనిషి కనపడదు, వేళ్ళు మాత్రమే. ఆవిడ పెత్తల్లి కూతురొకావిడ ఉంది, ఇంట్లో మేం దుర్భిణీ పిన్ని అంటాం. ఆవిడ కింద రాసింది: "చిలక ముద్దొస్తోంది అక్కా. ఆ చెయ్యి నీ కోడలిది కాదే?"

అత్తగారి జవాబు: "నీ కళ్ళు చల్లగుండా, ఎలా కనిపెట్టావే! కోడలి చెల్లెలిది. మా ఇంట్లోనే ఉంటోంది పాపం. సోమవారం మా వీధి చివర కళ్ళజోళ్ళ కొట్లో చేరుతోంది. ఎవరికీ చెప్పకు."

అది చూసేసరికి కత్తిపీట ముందు నా చేతిలో వంకాయ అలాగే ఉండిపోయింది.

"అత్తయ్యా, ఇదేంటండీ?"

"ఏమైందమ్మా? చెప్పొద్దనే కదా రాశాను!"

"అది అందరికీ కనిపిస్తుందండీ."

"నేను రాసింది చెల్లాయికి. ఒకళ్ళకి రాసింది ఇంకొకళ్ళు చదువుతారా? అదేం మర్యాద?"

నేను డిగ్రీ చదివాను గానీ, ఈ ప్రశ్నకి జవాబు అందులో లేదు. ఫొటో తీసేయించాను. ఆవిడ చిన్నబుచ్చుకుంది కానీ తీసేసింది. హమ్మయ్య అనుకుని గిన్నెలు తోముకోవడానికి వెళ్ళాను.

నేను గిన్నెలు తోమే వ్యవధిలో చుట్టాలు చిలకేదని అడిగారట. అడిగిన మాటకి చెప్పకపోతే ఎలా? అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకుని ఓపిగ్గా రాసింది:

"చిలకని తీసేసినందుకు అందరూ మన్నించాలి. కోడలి చెల్లెలు మా దగ్గరున్న సంగతి వాళ్ళాయనకి తెలియకూడదని తీసేశాం. దయచేసి మీరెవ్వరూ ఎవరికీ చెప్పకండి."

అందరూ మాటిచ్చారు. "చచ్చినా చెప్పం వదినా" అని ఒకరు. "నా కడుపులో దాచుకుంటా" అని ఇంకొకరు. ఒక పుణ్యాత్ముడైతే 'ఈ ఆడబిడ్డకి అండగా నిలుద్దాం' అంటూ, అత్తగారి చేత నేను తీసేయించేలోపే, దాన్ని ఫొటో పట్టి తన స్నేహితులందరికీ పంచాడు. తీసెయ్యమని బతిమాలితే, "మంచి విషయమే కదమ్మా" అన్నాడు. ఆ యాప్ కంపెనీకి ఫిర్యాదు పెట్టాను. మా నియమాలకి విరుద్ధంగా ఏమీ లేదని రెప్పపాటులో జవాబొచ్చింది, చదివినవాళ్ళు ఎవరూ లేరన్నంత వేగంగా. పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేస్తే, "ఇంకా ఏం చెయ్యలేదు కదా మేడమ్, వచ్చాక చెప్పండి" అన్నారు.

మర్నాడు పొద్దున, అతను పంచినదాన్ని మెచ్చుకుంటూ బొటనవేలెత్తినవాళ్ళలో చెల్లెలి మొగుడు, మా మరిది కూడా ఉన్నాడు. మాటేమీ రాయలేదు. ఒక్క వేలు.

అత్తగారు ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఫొటోలో ఎంత బుద్ధిమంతుడిలా నవ్వుతున్నాడే" అంది. తరవాత ఫోన్ బోర్లించి ఏడ్చింది. నాకు కోపం తెచ్చుకునే దారి కూడా లేకపోయింది.

చెల్లెలు అప్పటికే సంచి సర్దుకుంటోంది.

"కళ్ళజోళ్ళ కొట్టుకి ఫోన్ చేసి రానని చెప్పు అక్కా."

"ఎక్కడికెళ్తావే?"

"చెప్పను."

"నాక్కూడానా?"

"నువ్వు చెప్తావని కాదే. వాడొచ్చి అడిగితే నీ మొహం చెప్పేస్తుంది. చేరాక నేనే ఫోన్ చేస్తాలే."

వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. సందు మలుపులో కుడికి తిరిగిందో ఎడమకో చూడకుండా నేనే తలుపేసుకున్నాను.

సాయంత్రం మరిది వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట వరసగా విడిచి, "బాగున్నారా వదినా" అన్నాడు. మా ఆయన ఆఫీసు నుంచి ఇంకా రాలేదు. అతను గదులన్నీ తిరిగాడు. మంచం కిందికి వంగి మరీ చూశాడు.

"ఎక్కడికెళ్ళింది?"

"నాకు తెలీదు."

"అక్కచెల్లెళ్ళు కదా, తెలీకపోవడమేంటి!" నవ్వాడు. అత్తగారి వైపు తిరిగి, "మీరన్నా చెప్పండి పెద్దమ్మా" అన్నాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుంది.

"పర్లేదు వదినా, కూచుంటాను. ఎప్పుడో ఒకప్పుడు మీకు ఫోన్ చెయ్యకుండా ఉంటుందా?"

సోఫాలో కూచుని, నా ఫోన్ తన ముందుకి జరుపుకున్నాడు. క్షేమంగా చేరిందన్న మాట కోసం పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్నదాన్ని, అది మోగకూడదని దణ్ణం పెట్టుకుంటూ ఎదురుగా నించున్నాను.